అరగంట దూరం

గాలిమోటరు సోమవారం పొద్దున దిగింది. మర్రిగూడకు కోసెడు, అంటే రెండు మైళ్ల, దూరంలో ఉన్న రాళ్లపల్లిలో అలాంటిది దిగడం అదే మొదటిసారి. యుద్ధం మొదలైన కొత్తలో సర్కారు హుకుం వచ్చి, ఊరి పడమటి మెట్ట చెలకలు చదును చేయించి, చుట్టూ సున్నం పూసిన రాళ్లు పాతించి, గాలిమోటరు జాగా అని పేరు పెట్టి పోయారు. చదును చేసింది వెట్టికి పట్టుకొచ్చిన జనమే. ఆ తర్వాత రెండేళ్లూ అందులో బీరన్న గొర్రెలు మేశాయి తప్ప మరేదీ దిగలేదు.

ఆ రోజు ఊరంతా అక్కడే ఉంది, బేగారి గురవయ్య తప్ప. గురవయ్య తన గుడిసె ముందు చాప పరిచి ఆముదపు గింజలు ఎండబోసుకుంటూ మాటిమాటికీ ఆకాశం వంక చూస్తున్నాడు. గాలిమోటరు కోసం కాదు, మబ్బు కోసం. మిరుగు కార్తె వచ్చి నాలుగు రోజులైంది, చినుకు జాడ లేదు.

ఊరికి వెట్టి చేసే బేగారి కాబట్టి అతనికి గుట్ట వెనకాల రెండెకరాల ఇనాం చెలక ఉంది. ఉన్నదన్న మాటే గాని, వాన పడగానే బేగారివాళ్లంతా ముందు పటేలు మల్లప్ప పొలాల్లో విత్తాలి. అది తెమిలేసరికి ఐదారు రోజులు పడుతుంది. ఎర్ర చెలకలో వాన పదును, ఆ తడి, మూడు రోజులకు మించి నిలవదు. పోయిన ఏడు గురవయ్య పొడి మట్టిలో విత్తితే, మొలిచిన చెట్లు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. ఏడాది పొడుగూతా భార్య సోమమ్మ కూలి గింజల మీదే పొయ్యి రాజింది. ఈసారి ఎట్లాగైనా పదును మీద విత్తాలని మొగుడూ పెళ్లాం పట్టుబట్టి ఉన్నారు. ఎట్లాగన్నది మాత్రం ఇద్దరికీ తెలియదు.

గాలిమోటరు జాగా దగ్గర అప్పటికే ఒక ముచ్చట జరిగిపోయింది. దిగినవారు ఇద్దరు. ఒకరు ఇలాంటి జాగాలన్నీ తనిఖీ చేసే సాబు, బాగా ఒళ్లున్న మనిషి. రెండోవాడు దాన్ని నడిపే పైలటు, సన్నటివాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఎవరు పలకరించినా నవ్వుతున్నాడు. ఇలాంటి సాబులు ఎప్పుడైనా రాకపోతారా అని పటేలు మల్లప్ప హైదరాబాదు నుంచి పింగాణీ చాయ కప్పులు తెప్పించి దాచిపెట్టాడు. పన్నెండు కప్పులు, పన్నెండు సాసర్లు, బంగారు అంచు. ఇంట్లోవాళ్లెవరూ వాటిలో చాయ తాగి ఎరుగరు, పటేలుతో సహా.

సాబు ఒక గుక్క తాగి, కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటి కప్పులో తాగితేనే చాయకు రుచి అన్నాడు. ఆ మాటకు పటేలు పొంగిపోయాడు. సాబు తర్వాతి మకాం అచ్చంపేట అని ముందే విని ఉన్నాడు.

“తమరి అచ్చంపేట డేరాకు పంపిస్త సాబ్! తమరు అక్కడ ఉన్నన్ని దినాలు గిండ్లనే తాగుండ్రి,” అన్నాడు.

ఆ మాట అన్నది మర్యాదకు. సాబు నిజమే అనుకున్నాడు. అచ్చంపేట ఎంత దూరమని పైలటును అడిగాడు. ముప్పై తొమ్మిది మైళ్లు, గాలి అనుకూలిస్తే ఇరవై ఎనిమిది నిమిషాలు అని పైలటు చెప్పాడు.

“అరగంటే గదా. అయితే పంపించు,” అన్నాడు సాబు.

గాలిమోటరులో ఉన్నవి రెండే సీట్లు. ఒకదాంట్లో పైలటు, రెండోదాంట్లో సాబు. మిగిలిన సందులో సాబు పరుపు. కప్పుల పెట్టెకు జాగా లేదు. అది సాబు వెళ్లిపోయాక గాని పటేలుకు తట్టలేదు. అప్పుడు గురవయ్యకు కబురు వచ్చింది.

పటేలు కోటింటి వాకిట, గడి ముందు, గడ్డి పరిచిన కొయ్యపెట్టెలో కప్పులు సర్ది ఉన్నాయి. పక్కనే పట్వారి రఘుపతిరావు ముక్కుపొడుం పీలుస్తూ కూర్చున్నాడు. సంగతి అర్థమయ్యేసరికి గురవయ్య చేతులు జోడించాడు.

“నీ బాంచెను దొరా, ఇయ్యాల రేపట్ల వాన కొట్టేటట్టున్నది. నేను అచ్చంపేట పోతే నా చెలక...”

“ఏందిరా అచ్చంపేట, కాశి పొమ్మన్నట్టు మొకం పెడుతున్నవు? సాబు ముంగటనే చెప్పిండు, అరగంట దూరం!”

“గది గాలిమోటరుకు దొరా.”

“దూరం దూరమే గదరా, దానికొకటి నీకొకటి ఉంటదా?” అన్నాడు పటేలు.

గురవయ్య ఇంకో దారి చూశాడు. వెట్టి మూట ఏదైనా ఊరి పొలిమేర దాకా మోస్తే చాలు, అక్కడ పక్క ఊరి బేగారి అందుకుంటాడు. తాతల నాటి నుంచి అదే పద్ధతి. పొలిమేర దాకా మోసి వస్తానన్నాడు.

“చేతులు మారితే పగుల్తయి. పెట్టె నీ చేతిల నుంచి ఇంకొకని చేతికి పోవద్దు. ఒక్క కప్పు అంచు లేసినా నీ ఈపు తోలు లేస్తది. యాదికుంచుకో, చేతులు మారొద్దు!”

పట్వారికి ఇలాంటి సందర్భాలంటే మహా ఇష్టం. తాలూకాలో తనకు తెలియని దూరం లేదని ఆయన నమ్మకం, ఆ నమ్మకాన్ని ఊరంతా మోయాలని ఆయన పట్టుదల. పొడుం డబ్బీ మూసి వేళ్లు మడిచాడు.

“అచ్చంపేట గాలిల ఇరవై కోసులు. నేల మీద గుట్టలు చుట్టి, దిండి వాగు దాటి పోతే ఇరవై ఆరు. మూటతోని మనిషి దినానికి తొమ్మిది కోసులు. సోమారం బయలెల్లినోడు బుధారం సందెకు అచ్చంపేట. బేస్తారం, శుక్రారం, శనారం తిరిగొచ్చుడు. అయితారం పొద్దుగాల గడి ముంగట హాజరు. ఒక్క పూట అటు గాదు, ఇటు గాదు,” అన్నాడు గట్టిగా, నలుగురూ వినేటట్టు.

సోమమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇస్తూ పటేలును ఏమీ అనలేదు, సాబును ఏమీ అనలేదు. కప్పులను మాత్రం నోటికొచ్చినట్టు తిట్టింది.

*

నెత్తిన చుట్టబట్ట, దాని మీద పెట్టె. అడుగు తడబడినప్పుడల్లా లోపల కప్పులు గలగలమనేవి. అవి గలగలమంటే గురవయ్య ఆగిపోయేవాడు, అవి ఊరుకున్నాక మళ్లీ నడిచేవాడు. దారిలో ఉలిక్కిపడటానికి పాము అక్కర లేకపోయింది.

ప్రతి ఊరి పొలిమేర రాయి దగ్గరా ఆ ఊరి బేగారి ఎదురొచ్చి, అలవాటు కొద్దీ చేతులు చాచేవాడు. గురవయ్య పెట్టెను ఇంకా గట్టిగా పట్టుకునేవాడు.

“దించు తమ్మీ, మా ఊరు అచ్చింది.”

“దించొద్దన్నడే మా దొర.”

“ఎందాక మోస్తవు?”

“అచ్చంపేట దాక.”

“మీ దొరకు పొలిమేర లేదా ఏంది?” అని ఒకతను నోరు తెరిచాడు. ఇంకో ఊరి ముసలాయన మోయడం తప్పినందుకు సంతోషించాలో, పద్ధతి చెడినందుకు బాధపడాలో తెలియక, ఊరు దాటేదాకా ఉత్త చేతులతో గురవయ్య పక్కనే నడిచి సాగనంపాడు.

మంగళవారం దిండి వాగులో పాకుడు రాయి మీద కాలు జారింది. పెట్టె తప్పించడానికి మోకాలి మీద పడ్డాడు. మోకాలి చిప్ప చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే, అది చూసుకోకుండా పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. పగిలిన చప్పుడు లేదు. అప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది. సొంత మోకాలి కన్నా మందికి చాయ పోసే కప్పు ఎక్కువైపోయిందే అని నీళ్లలో కూర్చునే కాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి నడిచాడు, ఇంకా సగం దారి ఉంది మరి.

బుధవారం పొద్దు గుంకేవేళకు, పట్వారి చెప్పినట్టే, కుంటుకుంటూ అచ్చంపేట గాలిమోటరు జాగాకు చేరాడు. అడవి అంచున నాలుగు గుంజలు, ఒక డేరా, రెక్కలు తాళ్లతో కట్టేసిన గాలిమోటరు. దాని కింద పైలటు చేతులకు నూనె పూసుకుని ఏదో బిగిస్తున్నాడు. అతను హైదరాబాదు మనిషి, తెలుగు బాగానే వచ్చు.

“సాబు ఏడి దొరా? కప్పులు తెచ్చిన.”

పైలటు పెట్టె వైపు, మోకాలి వైపు, మళ్లీ పెట్టె వైపు చూశాడు.

“సాబు నిన్ననే కారెక్కి కర్నూలు పోయిండు భాయ్.”

“మరి చాయ?”

“ఇత్తడి చెంబుల తాగిండు. మస్తుగున్నదన్నడు.”

గురవయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. తిరిగి మూడు రోజులు మోయాలి. ఉత్తరం దిక్కున, సరిగ్గా తన ఊరి మీద, మబ్బు నల్లగా దిగి ఉంది. దాని కడుపులో మెరుపు మెరుస్తోంది. ఏడాదంతా ఎదురుచూసిన వాన అక్కడ పడుతుంటే తను ఇక్కడ ఖాళీ కప్పులకు కాపలా ఉన్నాడు. పైలటు పెట్టిన అన్నం తిని, పెట్టె పక్కనే పడుకున్నాడు.

పొద్దున్నే పైలటు తాళ్లు విప్పుతూ అన్నాడు:

“నేను హైదరాబాదు పోతున్న. మీ ఊరి మీదికెల్లే దారి. పెట్టె నాకియ్యి, దించి పోత. నువ్వు ఉత్త చేతులతోని మెల్లగ రా.”

గురవయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇవ్వబోయాడు, ఇచ్చేవాడే. అంతలో పటేలు మొహం కళ్ల ముందుకొచ్చి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“వద్దు దొరా. చేతులు మారొద్దన్నడు.”

“అరే, నేను పగలగొడతనా?”

“నువ్వు పగలగొట్టవు దొరా. కానీ చేతులు మారొద్దన్నడు. నా ఈపు గూడ ఒక్కటే ఉన్నది.”

పైలటు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. తర్వాత ముందు సీటు వైపు చూపించాడు.

“గట్లయితే పెట్టె నీ ఒళ్లనే ఉండనియ్యి. నువ్వే నా బండెక్కు. చేతులు మారవు గద!”

*

గాలిమోటరు నేల విడిచినప్పుడు గురవయ్య కళ్లు మూసుకుని పెట్టెను కావలించుకున్నాడు. కప్పులు గలగలమంటే ఆగమని చెప్పడానికి నోరు తెరిచాడు గాని, తెరిచిన నోట్లో గాలి నిండింది. పడితే తను చస్తాడు సరే, కప్పులు పగిలితే పటేలు సోమమ్మను బతకనిస్తాడా? ఆ ఆలోచనతో ఆకాశం భయం కొంచెం తగ్గింది.

కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. కింద వెండి తాడు లాంటి వాగు. దిండి! నిన్నగాక మొన్న పడ్డ చోటు ఎక్కడా అని వెతికేలోపే వెనక్కి పోయింది. పాపం ముసలాయన సాగనంపిన ఊరు, రెండు రొట్టెలు తిన్న బావి, రాత్రి పడుకున్న రచ్చ, ఒకదాని వెంట ఒకటి జారిపోతున్నాయి. తను పూటంతా చెమటోడ్చి ఎక్కి దిగిన గుట్ట రెక్క కింద పిడకంత కనిపించింది.

మొదట వింతనిపించింది. తర్వాత కోపం వచ్చింది. ఇంత దగ్గరనా! దూరమంతా నడిచేవాడికే మిగిల్చి, కూర్చున్నవాడు అరగంటలో పోతున్నాడా? గాలి మొహాన కొడుతున్నా కళ్ల నుంచి నీళ్లు కారింది అందుకే. తుడుచుకుందామంటే పెట్టె మీది చేయి తీయడానికి లేదు.

అప్పుడు కనిపించింది రాళ్లపల్లి. దాని చుట్టూ నేల ఎర్రగా లేదు, తడిసి నల్లబడి ఉంది. గుట్ట వెనకాల తన చెలక, మూలకు చింత మొద్దు గుర్తుతో సహా, తడిసి సిద్ధంగా ఉంది. ఊరికి తూర్పున పటేలు పొలాల్లో అరకలు వరసగా సాగుతున్నాయి.

“పదును!” అని కేక పెట్టాడు గురవయ్య. వెనక సీటులో పైలటుకు అది వినబడలేదు.

గాలిమోటరు జాగాలో గొర్రెలను అదిలిస్తూ బీరన్న ఒక్కడే ఉన్నాడు. పటేలు, పట్వారి పొద్దున్నే పని మీద మర్రిగూడ పోయి ఉన్నారు. విత్తనాల వేళ ఎవడైనా తలెత్తి ఆకాశం చూస్తే ఆ పూట కూలి గింజలు ఉండవని పటేలు చెప్పి పోవడంతో, చప్పుడు విని కూడా పొలాల్లో ఒక్కరూ తలెత్తలేదు. పైలటు మోటరు ఆపకుండానే గురవయ్యను దించి, చేయి ఊపి, హైదరాబాదు దిక్కు లేచిపోయాడు.

దుమ్ములోంచి పెట్టెతో నడిచి వస్తున్న గురవయ్యను చూసి బీరన్న గొంగడి పారేసి పరుగందుకున్నాడు.

“నేనే బీరన్నా! గురవయ్యను!”

“గురవన్న అచ్చంపేటల ఉన్నడు! పట్వారి లెక్క చెప్పిండు! నువ్వు దయ్యానివి!”

“దయ్యమైతే కప్పులు మోస్తదా?”

ఆ మాటకు బీరన్న ఆగాడు. ఆలోచించి చూస్తే నిజమే, దయ్యాన్ని వెట్టికి పట్టడం పటేలు వల్ల కూడా కాదు.

మధ్యాహ్నం పటేలు పొలం నుంచి అంబలి తాగడానికి వచ్చిన సోమమ్మ, గుడిసెలో మూలకు కూర్చున్న మొగుణ్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను చెప్పిందంతా విన్నది. మోకాలు చూసింది. పసుపు తెచ్చి అద్దింది.

“పోయి పటేలుకు కనబడి వస్తనే, పెట్టె అప్పజెప్పి...”

“నీకేమన్న మతి ఉన్నదా? ఇప్పుడు కనబడితే, ఇప్పుడే అరక చేతికిస్తడు,” అంది సోమమ్మ. “పట్వారి లెక్కల నువ్వు ఇంక అచ్చంపేటలనే ఉన్నవు. బేస్తారం, శుక్రారం, శనారం తొవ్వ నడుస్తనే ఉంటవు. తొవ్వల ఉన్నోన్ని వెట్టికి ఎవడు పిలుస్తడు? గట్లనే ఉండు.”

గురవయ్య ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక తనవని చెప్పుకునే మూడు రోజులు ఎన్నడూ చేతికి రాలేదు. వాటితో ఏం చేయాలో ఒక్క క్షణం తోచలేదు.

సోమమ్మ పెట్టె మూత తీసి, గడ్డిలోంచి రెండు కప్పులు పైకి తీసింది.

“ఏందే గది! దొర చంపుతడు!”

“మూడు దినాలు మోసినవు. దీంట్ల ఏమున్నదో సూడొద్దా?” అని వాటిలో జొన్నంబలి పోసి ఒకటి అతని చేతికిచ్చింది. బంగారు అంచు మీద పెదవి పెట్టడానికి గురవయ్యకు భయమేసింది. తాగాక, “మన ముంతల తాగినట్టే ఉన్నది,” అన్నాడు.

*

బీరన్న ఎడ్లు ముసలివని పటేలు తన పనికి వద్దన్నాడు. అవే గురవయ్యకు దక్కాయి. బీరన్న గొంగడి నెత్తి మీంచి కప్పుకుని గురవయ్య నాగలి పట్టాడు. వెనకాల బీరన్న సాలులో అడుగుకొకటి చొప్పున ఆముదపు గింజ వేస్తూ నడిచాడు. మట్టి మెత్తగా చీలి, పక్కకు ఒరిగి, తడి వాసన కొట్టింది. గురువారం మూడు జాముల నుంచి చీకటి పడేదాకా ఒక ముక్క విత్తారు. శుక్రవారం పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టారు.

శుక్రవారం నడి పగలు గుర్రం మీద పటేలు, పక్కన నడుస్తూ పట్వారి, గుట్ట మలుపు తిరిగి సరిగ్గా చెలక గట్టు మీదికి వచ్చారు. గురవయ్య సాలు వాళ్ల వైపే సాగుతోంది. ఎడ్లను ఆపబోయాడు. రోజూ ఎంత అదిలించినా కదలని ఎడ్లు ఆ పూటే గట్టు గరిక చూసి హుషారుగా నడిచాయి. ఇరవై అడుగుల దూరంలో ఎట్లాగో నిలేసి, కాడి పలుపు సర్దుతున్నట్టు ఎద్దు వెనక్కి వంగాడు.

“ఎవడ్రా బీరిగా అది? గురవని తీరుగున్నడు?” అని కేకేశాడు పటేలు.

బీరన్నకు అబద్ధం ఆడటం గొర్రెలకు నేర్పినంత కూడా రాదు. గుప్పెట్లో గింజలు కింద పోశాడు.

“గురవన్ననే... గాదు దొరా. సోమక్క తమ్ముడు. ఆత్మకూరు నుంచి అచ్చిండు.”

“నడుం తీరు గురవనిదే,” అని పటేలు గుర్రం దిగబోయాడు.

మిగిలిన చెలక, నిండు ఏడాది తినే గటక, వీపు తోలు, అన్నీ ఆ ఒక్క అడుగులో ఉన్నాయి.

“దిగకుండ్రి పటేలా, శ్రమ దండగ,” అన్నాడు పట్వారి. “గురవడు ఎట్లయితడు? ఇయ్యాల ఏంవారం? శుక్రారం. నడి పొద్దు. అంటే వాడు ఇప్పుడు దిండి వాగు కాడ ఉన్నడు.”

“అచ్చు గుద్దినట్టు కండ్లకు కనబడుతుంటే!”

“కండ్లది ఏమున్నది? ఇరవై ఆరు కోసులు! సోమారం పోయినోడు శుక్రారానికి తిరిగొచ్చి అరక గట్టిండంటే నా లెక్క తప్పినట్టు. ఇరవై రెండేండ్ల పట్వారిగిరీల నా లెక్క ఎన్నడన్న తప్పిందా, మీరే చెప్పుండ్రి.”

పటేలు గుర్రపు జూలు సవరిస్తూ సందేహించాడు.

“సరే, తమ్ముడే అనుకుందాం. వాన్ని గూడ మన పొలానికి రమ్మను.”

“ఆత్మకూరోన్ని మనం వెట్టికి పడితే ఆ ఊరి పటేలు ఊకుంటడా? తాలూకా దాక కొట్లాట,” అన్నాడు పట్వారి. ఎండ చేతితో అడ్డుపెట్టుకుని, దక్షిణం దిక్కు చూస్తూ, ఎంతో దయగా, “పాపం గురవడు, ఇప్పుడు వాగు దాటుతుంటడు. పాకుడు రాళ్లుంటయి, జర పైలం,” అన్నాడు.

గుర్రం డెక్కల చప్పుడు దూరమయ్యేదాకా గురవయ్య ఎద్దు వెనకే ఉన్నాడు. నవ్వు ఆపుకోవడానికి గొంగడి కొస నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత ఇద్దరూ సాలులోనే కూర్చుని, ఎడ్లు బెదిరేటట్టు నవ్వారు. నవ్వి నవ్వి గురవయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకు దెబ్బ తగిలిన చోటు పట్వారికి కూడా ఎరుకేనన్నమాట అనుకున్నాడు. శనివారం పొద్దు వాలేసరికి రెండెకరాలూ విత్తడం అయిపోయింది.

*

ఆదివారం పొద్దున గురవయ్య చీకటితో లేచి గుట్ట చుట్టూ తిరిగి, దక్షిణపు తొవ్వలో కాళ్లకు, నెత్తికి దుమ్ము చల్లుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి వచ్చాడు. కుంటడానికి నటించనక్కర లేకపోయింది, మోకాలు ఇంకా నొస్తూనే ఉంది.

గడి ముందు పట్వారి అతన్ని చూసి తొడ చరుచుకున్నాడు.

“అయితారం పొద్దుగాల! చెప్పిన్నా లేదా? ఒక్క పూట అటు గాదు, ఇటు గాదు!”

పటేలు కప్పులు ఒక్కొక్కటే తీసి, అంచు చుట్టూ వేలు తిప్పి చూశాడు. పన్నెండూ ఉన్నాయి. రెండింటి దగ్గర ఆగి, వాసన చూశాడు.

“ఏందిరా, గీ కప్పుల పులిసిన అంబలి వాసన?”

“సాబు అండ్ల ఏం తాగిండో నాకేం ఎరుక దొరా,” అన్నాడు గురవయ్య నేల చూపులు చూస్తూ.

పటేలు ఇంకోసారి వాసన చూసి, పెద్దవాళ్ల అలవాట్లు మనకు తెలియవని తల ఊపాడు. కప్పులు గడ్డిలో పెట్టాక గాని ఆయనకు కోపం గుర్తు రాలేదు.

“ఆరు దినాలు! సాబు అరగంటల పోయిండురా గంత దూరం. నీకు ఆరు దినాలు పట్టింది! ఇత్తనాలప్పుడు ఒక మనిషి తక్కువైండు నాకు!”

“అవును దొరా. అరగంట దూరమేనంట,” అన్నాడు గురవయ్య.

అని వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. గింజ మొలిచాక ఇరవై రోజులకు కలుపు తీయాలి. పటేలు పొలాల కలుపు అయ్యేదాకా ఆగితే తన చెలకలో ఆముదం కనబడదు, గడ్డే కనబడుతుంది. అతను పట్వారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

“అయ్యా, ఆత్మకూరుల గూడ గాలిమోటరు జాగా ఉన్నదా?”

“ఉన్నది. ఎందుకు?”

“ఊకెనే. గాడికి మూటతోని మనిషికి ఎన్ని దినాలు?”

పట్వారి ఆనందంగా వేళ్లు మడిచాడు. “పోను ఐదు, రాను ఐదు. పది దినాలు. ఒక్క పూట అటు గాదు, ఇటు గాదు.”

గురవయ్య లోలోపల ఆ పది రోజులనూ తన చెలకలో పరుచుకుని చూసుకున్నాడు. సరిపోతాయి, ఇంకా ఒక రోజు మిగులుతుంది కూడా. ఆ తర్వాత పటేలు ముందు, జన్మలో ఎన్నడూ లేనంత వినయంగా వంగాడు.

“సాబు మళ్ల ఎప్పుడొస్తడు దొరా? కప్పులు నేనే మోస్త.”